నూనె పొగ, తిలెక్ గొంతు

టాష్-బులాక్,
2009 ఫిబ్రవరి 8

జీబెక్ తల్లీ,

నువ్వూ పాప అయ్‌పెరీ ఎలా ఉన్నారు? ఇక్కడ మంచు కిటికీ అంచు దాకా వచ్చి ఆగింది. కరెంటు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. ఆవు ఈనింది. దూడకు నుదుటి మీద తెల్లమచ్చ. ఇలాంటివి నా తిలెక్‌కి చెప్పేదాన్ని. వాడు లేడు కాబట్టి నీకు రాస్తున్నాను.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. సిగ్నలు అందాలంటే కొండ మీద గొర్రెల దొడ్డి దాకా ఎక్కాలి. ఎక్కాక నీ గొంతు వినగానే నాకు ఏడుపు, నా ఏడుపు విని నీకు ఏడుపు. మాట అన్నదే ఉండదు. ఉత్తరం మీద ఏడ్చినా మాట మిగులుతుంది. నాది ఏడో తరగతి చదువు, అదీ సగంలో మానేసి గొర్రెల వెంట పోయినదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నీ మీద నాకు కోపం లేదు. వాడు పోయిన నలభయ్యో రోజు కాగానే పిల్లని చంకనేసుకుని బిష్కెక్ పోయావని ఊరు అంటూనే ఉంది. పక్కింటి కులీపా మొన్న గుమ్మంలో నిలబడి, "ఏడాది నల్లబట్టలో కూర్చోవాల్సిన పిల్ల కుట్టుమిషను ముందు కూర్చుందటగా" అంది. "ఆ కుట్టుమిషను నా మనవరాలికి రొట్టె పెడుతోంది. నువ్వు పెడతావా?" అన్నాను. మూతి తిప్పుకుని పోయింది.

ఇప్పుడు అసలు మాట. తిలెక్ ఫోను దోలోన్ కనుమలో, ఆ వ్యాను ప్రమాదంలో, వాడితోనే పోయింది. కానీ వాడు పనికి పోయేముందు పాప వినడానికని నీ ఫోనులో మాట్లాడి పెట్టేవాడు కదా. ఆ మాటలు సీడీలో వేయించి పంపు. వాడు మొదటి జీతంతో దోర్దోయ్ బజారులో నాకు కొన్న ప్లేయరు ఉంది. పెళ్లిపాటల సీడీ ఎన్నేళ్లు పాడింది అది! వాడిది పాడదా?

వాడి గొంతు మరిచిపోతున్నాను తల్లీ. మొహానికి ఫోటో ఉంది, గొంతుకి ఏముంది? నిన్న పాలు పిండుతూ, వాడు "అమ్మా" అని ఎలా పిలిచేవాడో తలచుకుందామంటే ఎప్పుడో పోయిన మీ మామగారి గొంతు వచ్చింది. పిండడం ఆపేసి కూర్చున్నాను. ఆవు వెనక్కి తిరిగి చూసింది.

నీ అత్త,
ఊల్కాన్


బిష్కెక్,
2009 ఫిబ్రవరి 27

అత్తయ్యా,

మీ ఉత్తరం చదివి నేనూ పని ఆపేసి కూర్చున్నాను. సూది విరిగిందని యజమానురాలికి అబద్ధం చెప్పాను.

సీడీ పంపుతున్నాను. మా వీధి చివర కంప్యూటర్లు అద్దెకిచ్చే గది ఉంది. అక్కడ వాలెంతీనా పెత్రోవ్నా అని ఒక పెద్దావిడ కూర్చుంటుంది. ఫోను ఇస్తే నిమిషంలో వేసిచ్చింది. మొత్తం తొమ్మిది ముక్కలు. రెండోది పాపకి చెప్పిన నక్క కథ. నాలుగోది మీ ఇంట్లోనే, పోయిన వేసవిలో. నేను పాప ఆటని పట్టబోతుంటే ఆయన లోపలికొచ్చి "అమ్మా, టీ ఉందా?" అంటారు. మీరు "ఉంది, కూర్చో నాన్నా" అంటారు. తరువాత చెంచా చప్పుడు, కుక్క అరుపు.

పొట్లం మీద మీ పేరు రాయలేదు. కోడలు అత్తగారి పేరు ఎలా రాస్తుంది? "నీలం గేటు ఇల్లు" అని రాస్తే వ్యాను డ్రైవరు, "మీ అత్తగారికి పేరు పెట్టలేదా ఎవరూ? ఆ ఊళ్లో సగం గేట్లు నీలమే" అని వెక్కిరించాడు. అందిందో లేదో రాయండి.

మీ కోడలు,
జీబెక్


టాష్-బులాక్,
2009 మార్చి 12

జీబెక్,

అందింది. ముందు కులీపా ఇంటికి పోయి అక్కడినుంచి మా ఇంటికొచ్చింది. ఆవిడది కూడా నీలం గేటే. ఊరంతటికీ తెలిసింది ఏమొచ్చిందో.

మొహం కడుక్కుని, తెల్ల తలగుడ్డ కట్టుకుని, కరెంటు వచ్చేదాకా కూర్చున్నాను. వచ్చింది. సీడీ పెట్టి మూత వేశాను. తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. మిషను మీద అంకెలు పడే ఆ చిన్న కిటికీలో సున్నా వెలిగింది. అంతే. చెవి ఆనించి విన్నాను. మిషను మూలుగు తప్ప ఏమీ లేదు.

ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. ఖాళీది పంపావు కదూ? చచ్చినవాడి గొంతు తల్లి వింటే పిచ్చిదవుతుందని పట్నంలో ఎవరో చెప్పి ఉంటారు. నా మంచికే చేశావనుకుంటాను. కానీ నేను పొద్దుటినుంచీ ఆ ఖాళీదాని ముందు కూర్చుని, వాడిదే ఏదో చిన్న శబ్దం వస్తుందని వింటున్నాను. పిచ్చి ఇంకెలా ఉంటుంది?

కులీపా, "వచ్చే కోతలకి ఆ పిల్ల ఇంకో ఇంట్లో ఉంటుంది, ఆ గొంతూ అక్కడే ఉంటుంది" అంది. ఈసారి నేనే మొహం తిప్పుకుని లోపలికొచ్చేశాను.

ఊల్కాన్


బిష్కెక్,
2009 మార్చి 30

అత్తయ్యా,

నౌరుజ్ పండగ పూట మీ ఉత్తరం చేతికొచ్చింది. గోధుమ పాయసం పక్కన పెట్టేసి చదివాను.

మీకు ఖాళీది పంపుతానా? నాకు అంత ధైర్యమే ఉంటే అసలు మీ ఇల్లు వదిలి వచ్చేదాన్నే కాదు.

మీరు తిప్పి పంపిన సీడీ పట్టుకుని వాలెంతీనా పెత్రోవ్నా మీదికి పోయి దెబ్బలాడాను. ఆవిడ నాకంటే గట్టిగా అరిచింది. "పాత ప్లేయరని ఎందుకు చెప్పలేదు పిల్లా! కంప్యూటరు కోసం వేసినట్టు వేశాను. ముసలిదానికి ఎముకల ముక్క పెడితే ఏం చేస్తుంది? నమిలి మెత్తగా చేసి పెట్టాలి!" అంది. కొట్టులో అమ్మే పాటల సీడీలు ఎలా ఉంటాయో అలా, ఒక్కో ముక్కనీ పాటగా మార్చి రాయాలట. మీరు తిప్పి పంపింది చెరిపి మళ్లీ రాసే రకమట, ముసలి మిషన్లకి కనపడదట. దాన్ని ఆవిడే చెరిపేసి వేరే పనికి తీసుకుంది. మనకి ఒక్కసారే రాసే రకం కావాలట. అందులోనూ మిషను ఎంత నెమ్మదిగా రాస్తే అంత మంచిదట. చివర్లో "ఇక చాలు" అని మూసెయ్యాలట, మూయకపోతే పాత ప్లేయరు లోపలికే పోదట.

"నువ్వే నేర్చుకో, ఊరికే నా మీద అరవకుండా" అంది. నేర్చుకున్నాను. మూడు పాడుచేశాక నాలుగోది కుదిరింది. ఆ గదిలో మూలన పడున్న పాత ప్లేయరులో పెట్టి విన్నాకే పంపుతున్నాను. ఆయన దగ్గు వినగానే వాలెంతీనా పెత్రోవ్నా లేచి బయటికి పోయింది. నన్ను ఒంటరిగా ఉండనిచ్చింది.

ఈసారి "తెల్లమచ్చ దూడ ఉన్న నీలం గేటు" అని రాశాను.

మీ జీబెక్


టాష్-బులాక్,
2009 ఏప్రిల్ 17

నా తల్లీ, నా బంగారు తల్లీ,

మాట్లాడాడు.

మూత వెయ్యగానే కిటికీలో తొమ్మిది అని పడింది, తరువాత ఒకటి. తరువాత వాడు గొంతు సవరించుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు. గదిలోకి ఎవరైనా వస్తే నిలబడతాం కదా.

నక్క కథలో తోక మంచులో ఇరుక్కునే చోట వాడే నవ్వేస్తాడు చూడు, చెప్పడం మరిచిపోయి. చిన్నప్పుడూ అంతే, కథ చెప్పమంటే ముందే నవ్వేవాడు. నాలుగోది నేను రోజంతా పెట్టాను. "అమ్మా, టీ ఉందా?" "ఉంది, కూర్చో నాన్నా." నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఎంత సుఖంగా ఉందే ఆ మనిషి! ఏ దిగులూ లేని ఆడదానిలా ఉంది.

ఇప్పుడు ప్రతి శుక్రవారం ఏం చేస్తున్నానో చెబుతాను. పోయినవాళ్లకి వాసన అందాలని నూనె కాచి రొట్టెలు వేయిస్తాం కదా. వాడు పోయినప్పటినుంచీ ఒక్క వారం తప్పలేదు. ఇప్పుడు ప్లేయరుని పొయ్యి పక్కనే, పెనానికి ఆనించినట్టు పెడుతున్నాను. వాసనా గొంతూ కలిసి పైకి పోతాయి. ఎవరి ఇంటి వాసనో అని వాడు తికమక పడకుండా తన గొంతే గుర్తుపట్టుకుని వస్తాడు. మీ చిన్నమామ వచ్చి ఆ పొగలో కూర్చుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, తొమ్మిదీ విన్నాడు. పోతూ పోతూ మిషను మూత మీద చెయ్యి వేసి పోయాడు, గుర్రాన్ని నిమిరినట్టు.

నిన్ను అనుమానించాను. ఆ ఉత్తరం పొయ్యిలో వేసెయ్.

అత్త


బిష్కెక్,
2009 మే 9

అత్తయ్యా,

ఉత్తరం పొయ్యిలో వేశాను. ఇది మాత్రం దాచుకున్నాను.

మా దగ్గర ప్లేయరు లేదు, మేం ఫోనులోనే వింటాం. పాప నిద్రపోయేముందు నక్క కథ. ఎన్నిసార్లు పెట్టినా అరిగే వస్తువు కాదు సీడీ, అది మీ దగ్గర ఉందంటే నాకు ఎంత ధైర్యమో. ఫోను అంటే చేతిలో వస్తువు, మీ ఇల్లంటే ఇల్లు.

జీబెక్


టాష్-బులాక్,
2009 జూలై 12

జీబెక్,

గడ్డి కోతలు మొదలయ్యాయి. నడుము వంగడం లేదు.

సీడీకి ఏదో అయింది. ముందు నక్క కథలో తడబడ్డాడు. "నక్క నక్క నక్క" అని నిలిచిపోయాడు. తరువాత శుక్రవారం ఏడో నంబరు రాలేదు. ఇప్పుడు నాలుగోదాంట్లో "అమ్మా, టీ ఉందా" అంటాడు, ఆ వెంటనే కుక్క అరుస్తుంది. మధ్యలో నా మాట లేదు. వాడు అడుగుతాడు, నేను జవాబు చెప్పను. ప్రతిసారీ అంతే. కొడుకు టీ అడిగితే పలకని తల్లిని చేసిందది నన్ను.

ముందు ఉన్న మాట ఇప్పుడు ఎలా పోతుంది? అది అరిగే వస్తువు కాదని నువ్వే అన్నావు. కులీపా కోడలు చెప్పింది, పట్నంలో ఇలాంటివి కొన్నాళ్లకి వాటంతట అవే చెరిగిపోయేలా చేయించొచ్చట. నేను నమ్మలేదు. నమ్మలేదనే రాస్తున్నాను. కానీ నా మాటే ఎందుకు పోయింది?

ఊల్కాన్


బిష్కెక్,
2009 జూలై 29

అత్తయ్యా,

మీ మాట కోసి నేనేం చేసుకుంటాను? కుట్టుపని నాది, కోసేది బట్టని. మనుషుల్ని కాదు.

ఇంకొకటి రాసి పంపుతున్నాను, అన్నిటికన్నా నెమ్మదిగా రాసింది. మీ మాట అందులో ఉంది, మూడుసార్లు విన్నాను. వాలెంతీనా పెత్రోవ్నా ఒక సంగతి కనుక్కోమంది. మిషనుదే తప్పేమో చూడడానికి ఆ పాత పెళ్లిపాటల సీడీ ఒకసారి పెట్టి చూడమంది. అది బాగా పాడితే తప్పు నాది. అదీ తడబడితే తప్పు మిషనుది.

పాప మిమ్మల్ని అడుగుతోంది, దూడకి పేరు పెట్టారా అని.

జీబెక్


టాష్-బులాక్,
2009 సెప్టెంబరు 20

జీబెక్,

దూడకి పేరు పెట్టలేదు. పేర్లు పెట్టేవాడు వాడే.

నువ్వు పెళ్లిపాట పెట్టమన్న మాట చదివి కాగితం కింద పెట్టేశాను. నల్లబట్టలో ఉన్న ఇంట్లో, ఏడాది తిరక్కుండా, పెళ్లిపాట? కిటికీలోంచి వినపడితే ఊరేమంటుంది? ఊరి సంగతి అటుంచు, వాడేమంటాడు? పట్నంలో మరిచిపోతున్నావు నువ్వు. నేను పెట్టలేదు, పెట్టను.

రెండో సీడీ కొన్ని శుక్రవారాలు బాగా మాట్లాడింది. తరువాత అదీ మొదటిదాని దారే పట్టింది. ఇప్పుడు రెండూ తిరగవు. కిటికీలో సున్నా. కులీపా, "మా ఇంట్లో డీవీడీ పెట్టె ఉంది, తెచ్చి పెట్టు, చూద్దాం" అంది. నా కొడుకు గొంతు ఆవిడ గోడలు వినాలా? వద్దన్నాను.

ముల్లాని అడిగాను. ఏడాది దగ్గరపడేకొద్దీ ఆత్మ ఇంటినుంచి దూరమవుతుందన్నాడు. సీడీ గురించి అడగలేదులే, ఊరికే అడిగాను. కానీ నాకు అర్థమైంది. వాడు కొంచెం కొంచెంగా పోతున్నాడు. ముందు నవ్వు పోయింది, తరువాత కథ, తరువాత నేను, చివరికి వాడు.

అయినా ఇంకొక్కటి రాసి పంపు. ఒక్కటే.

అత్త


బిష్కెక్,
2009 అక్టోబరు 6

అత్తయ్యా,

ఇప్పుడు కుదరదు. చలికోట్ల పని మీద పడింది, తల ఎత్తే తీరిక లేదు. ఉన్నవాటినే జాగ్రత్తగా పెట్టండి. ఎండ తగలనివ్వకండి, గీతలు పడనివ్వకండి. పాడకపోయినా పారెయ్యకండి.

ఏడాది భోజనాలకి వస్తాను.

జీబెక్


టాష్-బులాక్,
2009 నవంబరు 24

జీబెక్,

ఏడాది భోజనాలు అయ్యాయి. విందుకి గుర్రాన్ని కోశారు. నువ్వు రాలేదు. పాపకి తట్టు పోసిందని, కనుమ మూసేశారని డ్రైవరుతో కబురు పంపావు. నిజమే అయ్యుంటుంది. కానీ ఆడవాళ్లు వరసగా కూర్చుని శోకాలు పాడేటప్పుడు నా పక్కన భార్య కూర్చోవాల్సిన చోటు ఖాళీగా ఉంది. అందరూ ఆ ఖాళీనే చూశారు. "కోట్ల పని ఎక్కువగా ఉందేమో" అంది కులీపా, నాకు వినపడేలా.

నల్లబట్టలు తీసేయించారు. నీవి కూడా తీసేసుకో. ఇక నువ్వు ఎవరింటికి పోయినా నేనేమీ అనను. మనస్ఫూర్తిగానే రాస్తున్నాను.

ఆ సీడీల సంగతి. పాడనివాటిని ఇంట్లో పెట్టుకుంటే రోజూ పెట్టి చూడకుండా ఉండలేకపోతున్నాను. పెట్టినప్పుడల్లా వాడు మళ్లీ పోతున్నాడు. పారేద్దామా అంటే, కత్తిరించిన జుట్టూ గోళ్లూ కూడా చెత్తలో వెయ్యం, మట్టిలో పెడతాం, మనిషి ముక్క కదా అని. గొంతు అంతకంటే ముక్క కాదా? అందుకని సీడీల మీద, మెరిసే వైపు కాకుండా పైన రంగువైపు, సూదితో వాడి పేరు గీశాను. తెల్లగుడ్డలో చుట్టాను. మీ చిన్నమామ తీసుకుపోయి వాడి తల దగ్గర పూడ్చాడు. మరునాడు మంచు పడింది.

నువ్వు దాని గురించి బాధపడకు. నీ ఫోనులో ఉన్నాడు కదా. పాప వింటే చాలు. నాకు రాసివ్వకపోయినా ఫరవాలేదు.

ఊల్కాన్


బిష్కెక్,
2009 డిసెంబరు 8

అత్తయ్యా, అత్తయ్యా,

తవ్వించండి. ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు చిన్నమామగారిని పంపండి.

నా ఫోను లేదు. ఆగస్టులో ట్రాలీబస్సులో ఎవరో సంచి కోసి తీసుకుపోయారు. మీకు చెప్పలేదు. తిడతారని కాదు, మీరు ఏమీ అనకుండా ఊరుకుంటారని భయం. సీడీలు మీ దగ్గర భద్రంగా ఉన్నాయి కదా, భోజనాలకి వచ్చినప్పుడు ఒకటి అడిగి తెచ్చుకుని మళ్లీ రాయించుకోవచ్చు కదా అనుకున్నాను. ఆ ఒక్క ధైర్యంతోనే ఇన్నాళ్లూ పడుకున్నాను. వాలెంతీనా పెత్రోవ్నా దగ్గరా ఏమీ లేదు. వాళ్ల కంప్యూటర్లు ప్రతి శనివారం తుడిచేస్తారు.

కోట్ల పని అబద్ధం. రాయడానికి నా దగ్గర ఏమీ లేక రాసిన అబద్ధం.

ఇంకొకటి. మీ ఉత్తరాలన్నీ ఆవిడకి చదివి వినిపించాను, రష్యన్‌లోకి మార్చి. పెనం పక్కన మిషను అనగానే ఆపమంది. "ఏమిటీ, నూనె పొగలోనా?" అంది. ప్లేయరు లోపల గాజుపూసంత కన్ను ఉంటుందట, సీడీని చూసేది అదేనట. నూనె పొగ దాని మీద పేరుకుంటే గుడ్డిదవుతుందట. పాత మిషను, చూపు ముందే తక్కువ. కొట్టులో కొన్న పాటల సీడీని తడబడుతూ ఎలాగో చదువుకున్నా, మనం ఇంట్లో రాసినవాటిని చదవలేదట. దూదికి వోడ్కా చుక్క అద్ది మెల్లగా తుడిస్తే చాలంది.

సీడీలకి ఏమీ కాలేదు అత్తయ్యా. ఆయన అందులోనే ఉన్నారు. తవ్వించండి.

జీబెక్


టాష్-బులాక్,
2010 జనవరి 19

తల్లీ,

ఆలస్యంగా రాస్తున్నాను. చెయ్యి రాలేదు.

మీ చిన్నమామ ముందు ఒప్పుకోలేదు. "సమాధి మీద గునపం వెయ్యమంటావా వదినా? నన్ను ఊళ్లో ఉండనిస్తారా?" అన్నాడు. నేను కాళ్ల మీద పడబోయాను. వయసులో పెద్దదాన్ని. ఆయన భయపడిపోయి గునపం తీసుకున్నాడు. నేల రాయిలా గడ్డకట్టింది. ఎండిన పేడ తెచ్చి అక్కడ మంట వేసి, నేల కరిగించి తవ్వాడు. నేను గోడ అవతల నిలబడ్డాను. అటు తిరిగి నిలబడ్డాను.

ఈలోపల మిషను కన్ను తుడిచాను. మీ చిన్నమామ దాచుకున్న సీసాలోదే. దూది పసుపుపచ్చగా వచ్చింది. వాసన చూశాను, శుక్రవారం వాసనే. ఏడాది అయిపోయింది కదా అని పెళ్లిపాట పెట్టాను. అద్దంలా పాడింది. నువ్వు జూలైలో చెప్పినప్పుడు ఒక్క పాట పెట్టి ఉంటే, లేకపోతే కులీపా గడప తొక్కి ఉంటే. వాడు రావాలని పెట్టిన పొగే వాడి నోరు మూసింది. నేనే, నా చేతులతో, వారం వారం.

గుడ్డ విప్పాను. లోపల తడి చేరి గడ్డకట్టి ఉంది. ఇంట్లో కరిగాక మెల్లగా తుడిచాను. వెండి పొర గుడ్డకి అంటుకుని వచ్చేసింది. రెండింటికీ అంతే. ఎక్కడ సూదితో వాడి పేరు గీశానో అక్కడినుంచే మొదలై ఊడింది. పట్టుకుని చూస్తే అవతల నా వేళ్లు కనపడ్డాయి.

నీ ఫోను గురించి నిన్ను ఏమీ అనను. నువ్వు భయపడింది దీనికేనని తెలుసు, అయినా అనడానికి నాకు ఏమీ రావడం లేదు. నువ్వు నా దగ్గర ఉందనుకున్నావు, నేను నీ దగ్గర ఉందనుకున్నాను. ఇద్దరం మధ్యలో వాడిని కింద పడేశాం.

శుక్రవారం రొట్టెలు వేయించాను. మిషను లోపలి గదిలో పెట్టి తలుపు వేశాను. పొగ అందదు. దానిలో పెట్టడానికి మాత్రం ఏమీ లేదు. తిరగని మిషనుని చూడలేకపోతున్నాను. నాకు ఒక ఖాళీ సీడీ పంపు. ఒకప్పుడు ఖాళీది పంపావని నిన్ను అన్నాను కదా, ఇప్పుడు అదే పంపు. ఊరికే తిరగనీ.

అత్త


బిష్కెక్,
2010 ఫిబ్రవరి 11

అత్తయ్యా,

ఖాళీ సీడీని మీ మిషను తీసుకోదు, సున్నా చూపించి ఆగిపోతుంది. నిశ్శబ్దాన్ని కూడా పాటలాగే రాయాలట. అలాగే రాశాను, నెమ్మదిగా, చివర్లో మూసి. వాలెంతీనా పెత్రోవ్నా డబ్బులు తీసుకోలేదు. నా మీద అరవలేదు కూడా, మొదటిసారి.

తొమ్మిది ముక్కలే చేశాను. ఏది ఎంతసేపు ఉండేదో నా దగ్గర చీటీ ఉంది, ఆ లెక్కనే. వాటిలో ఏమీ లేదు. ముందే చెబుతున్నాను, మీరు మళ్లీ చెవి ఆనించి వెతుక్కోకుండా.

పాప నిన్న నక్క కథ చెప్పమంది. చెప్పాను. "నాన్న ఇలా చెప్పడు" అంది. ఎలా చెప్పేవాడే అంటే, దానికీ గుర్తులేదు.

కనుమ తెరవగానే వస్తాం. ఉంటాం కొన్నాళ్లు, మీరు ఉండనిస్తే.

మీ జీబెక్


టాష్-బులాక్,
2010 మార్చి 5

జీబెక్ తల్లీ,

ఉండనిస్తే ఏమిటి? నీ ఇల్లు. దూడకి పేరు పాపనే పెట్టమను.

సీడీ అందింది. మిషనుకి పట్టింది. కిటికీలో తొమ్మిది అని పడింది, తరువాత ఒకటి. ఒకటి దగ్గర వాడు గొంతు సవరించుకోవాలి, సవరించుకోలేదు. రెండు చాలాసేపు ఉంది, నక్క కథ కదా. నేను మధ్యలో నవ్వు వచ్చే చోటు కోసం చూశాను. ఎక్కడో దాటిపోయింది.

పొయ్యి మీద నూనె కాగుతోంది. తలుపు వేసే ఉంది. నేను లోపలి గదిలోనే కూర్చున్నాను, రొట్టెలు మాడినా లేవలేదు. మూడు అయిపోయింది. నాలుగు వెలిగింది.

కాసేపు ఆగాను. వాడు అడగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు.

తరువాత, "ఉంది, కూర్చో నాన్నా" అన్నాను.

నీ అత్త,
ఊల్కాన్